నలభై నాలుగో సేవ్

లిఫ్టు గుంతలోకి కూలి రెండున్నర గంటలైనా, అందులో ఉన్న మనిషి రెండు కాళ్ళూ విరిగి ఆపరేషన్ బల్ల మీదకి చేరినా, కంప్యూటర్ తెర మీద ఆ లిఫ్టు నంబరు పక్కన మాత్రం "బాగుంది" అనే మాట పచ్చగా వెలుగుతూనే ఉంది.

డిటెక్టివ్ ఆ మాటను రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మూడోసారి చదివింది.

"ఎన్నిసార్లు చదివినా అదే ఉంటుంది మేడమ్," అన్నాడు పోలీసు ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి. "కంప్యూటర్‌కి మొహమాటాలుండవు. మరదలు వచ్చింది కదా అని మాట మార్చదు."

ఆ దెప్పు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లిఫ్టు కూలిన హోటల్ యజమాని తరఫున ఆమె ఈ కేసులోకి వచ్చిన మాట నిజమే. కానీ గోడవారగా బెంచీ మీద కూర్చున్న ముద్దాయి ఆమెకి స్వయానా అక్క మొగుడు. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్న మనిషి. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది కాబట్టి ఈ లిఫ్టుల కంపెనీలో ఆయన్ని అందరూ సుద్దముక్క అనే పిలుస్తారు. ఆయన ముందు టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను ఉన్నాయి. "తాడు అరిగినట్టు చూసి కూడా పొరపాటున 'బాగుంది' అని నమోదు చేశాను" అని ఉంది కాగితంలో. ఐదింటిలోగా సంతకం పెడితే బెయిలు. పెట్టకపోతే లాకప్పు.

"సంతకం పెట్టారా బావా?"

"పెట్టిన చెయ్యి ఉంటే చూపించు మరదలా." సుద్దముక్క పెన్నుకి మూత పెట్టాడు. "పొద్దున పదీ నలభైకి 'ఆపాలి' అని నొక్కాను. తాడులో పోగులు తెగి మీసాల్లా లేచి ఉన్నాయి. 'సేవ్ అయింది' అని ట్యాబ్లెట్ చెప్పింది. చెయ్యని తప్పుకి సంతకమా? మీ అక్క అన్నం పెట్టదు నాకు."

"ట్యాబ్లెట్‌లో ఇప్పుడు చూడండి, అక్కడా 'బాగుంది' అనే ఉంది," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ కంపెనీ చీఫ్. లిఫ్టుల వివరాలు దాచే ఈ ప్రోగ్రామ్‌ని దగ్గరుండి రాయించినవాడు ఆయనే. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఆయన తల వెనక గోడ మీద పెద్ద బోర్డు: "ఒక్క లిఫ్టూ ఆగకుండా 100 రోజులు."

"ట్యాబ్లెట్ చూపించేది డేటాబేస్‌లో ఉన్నదే కదా చీఫ్ గారూ. ఒక సాక్షినే రెండుసార్లు పిలిచి ఇద్దరు సాక్షులంటే ఎలా?"

ఆఫీసరు ఒక కాగితం ముందుకి తోశాడు. "ఇది చిట్టా. ఎవరు సేవ్ చేసినా పేరు, టైము ఇందులో పడతాయి. ఇవాళ ఈ లిఫ్టు మీద రెండే సేవ్‌లు. తొమ్మిదింబావుకి ఈ ఆఫీసు రిసెప్షనిస్టు. పదీ నలభైకి మీ బావగారు. ఆ తర్వాత ఈగ కూడా వాలలేదు. చివర చెయ్యి పెట్టింది ఆయన, లోపలున్నది 'బాగుంది'. ఇంకేం కావాలి మీకు? నేను భోజనానికి ముందే కేసు మూసేశాను."

"అందుకే అరగలేదేమో."

మూలన కూర్చున్న ప్రోగ్రామర్ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. చీఫ్ ఆ వైపు చూడగానే తల దించుకుంది.

డిటెక్టివ్ తలుపు దగ్గరున్న రిసెప్షనిస్టు వైపు తిరిగింది. "లిఫ్టు పడగానే అలారం ఫోన్ దానంతటదే వెళ్తుందట కదమ్మా. ఎవరికి వెళ్ళింది?"

రిసెప్షనిస్టు కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. "హోటల్ పాత మేనేజరు గారికి మేడమ్. ఆయన నెల క్రితమే మానేశారు. ఫోన్ మోగేసరికి బార్బర్ షాపులో సగం గడ్డంతో ఉన్నారట. కొత్తాయన నంబరు వెతికి చెప్పేసరికి పాతిక నిమిషాలు. అంతసేపూ పడినావిడ ఆ గుంతలోనే..." కళ్ళు తుడుచుకుంది. "కానీ నేను పొద్దున్నే నంబరు మార్చాను మేడమ్. కొత్త మేనేజరు గారే ఫోన్ చేసి అడిగితే మార్చాను. తొమ్మిదింబావుకి."

"ఇప్పుడు లోపల ఏ నంబరుంది?"

"పాతదే."

"మార్చాననుకుని మార్చకుండానే సేవ్ నొక్కి ఉంటుంది," అన్నాడు చీఫ్. "మనుషులన్నాక మర్చిపోతారు."

డిటెక్టివ్ చూపుడువేలితో బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఒకే లిఫ్టు. ఒకే పూట. ఇద్దరు మార్చామంటున్నారు, రెండు మార్పులూ లేవు. ఒక మతిమరుపు మనిషి దొరికితే సరే అనుకోవచ్చు. ఇద్దరు దొరికితే మర్చిపోయింది వాళ్ళు కాదు.

"ఆఫీసరు గారూ, లిఫ్టు మెషీన్ గది చూశారా?"

"పడిన లిఫ్టు కింద ఉంటే పైన గదిలో చూసేదేముంది?"

"అయితే నేను చూసొస్తాను. మీరు టీ తాగండి."

"ఐదింటిదాకానే," అరిచాడు ఆఫీసరు వెనక నుంచి. "తర్వాత ఎంత మొండిఘటమైనా స్టేషన్ బయటే నిలబడాలి!"

*

హోటల్ రెండు వీధుల అవతలే. ఆరంతస్తులూ మెట్లెక్కసాగింది డిటెక్టివ్. నాలుగో అంతస్తులో ఒకామె దుప్పట్ల మూట మీద కూలబడి ఉంది. లాండ్రీలో పని చేస్తుంది. పడినావిడకి స్వయానా ఆడపడుచు.

"పొద్దున్నుంచీ ఇదే లిఫ్టు వాడారా అమ్మా?"

"ఎక్కడ వాడనిచ్చిందండీ. పదకొండింటికి బటన్ నొక్కితే కదల్లేదు, ఎర్ర దీపం. నేనూ మా వదినా మూటలు మోసుకుని మెట్లెక్కాం, నడుములు పడిపోయాయి. పన్నెండు దాటాక చూస్తే పచ్చ దీపం. 'హమ్మయ్య, బాగుచేశారే, నువ్వు మెట్ల మీద రా, నేను మూటలతో దిగుతా' అంది మా వదిన." ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "మూటలు రెండే ఉంటే నేనూ ఎక్కేదాన్ని."

డిటెక్టివ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత పైకెక్కింది.

మెషీన్ గదిలో నూనె వాసన. గోడ మీద సుద్దతో రాసిన గీతలు, నెలనెలా బావ రాతే. ఆఖరి వరుస: "10:40. ఆపాను." దాన్ని చూసి ఆమె ఆగలేదు. సుద్దరాత ఎప్పుడైనా రాయొచ్చంటాడు ఆఫీసరు. ఆమెకి కావలసింది లిఫ్టుని నడిపే పెట్టె. డేటాబేస్‌లో "ఆపాలి" అని పడితే ఆ పెట్టె లిఫ్టుకి తాళం వేస్తుంది. "బాగుంది" అని పడితే తీస్తుంది. ఆ సంగతి బావ పండక్కి వచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర వందసార్లు చెప్పాడు. పెట్టె కింద సన్నటి కాగితం చుట్ట కూడా ఉంటుందని, వేసినా తీసినా టైము దాని మీద అచ్చు పడుతుందని కూడా చెప్పాడు. అప్పుడు ఆవలించింది. ఇప్పుడు వంగి ఆ చుట్టని వెలుతురులోకి లాగింది.

10:41 తాళం పడింది.
11:52 తాళం తీసింది.

హోటల్ మేనేజరుని పిలిచి, ఆయన ఎదుటే కాగితం చింపి, వెనక ఆయన చేత సంతకం పెట్టించింది. వాచీ చూసుకుంది. నాలుగూ ఐదు.

*

ఆఫీసులో చీఫ్ కుర్చీ ఖాళీగా ఉంది.

"సర్వర్ గదికి వెళ్ళాడు," అన్నాడు ఆఫీసరు. "ప్రమాదం జరిగితే నిన్న రాత్రి దాచిన కాపీ తెచ్చి డేటాబేస్ మొత్తం మళ్ళీ ఎక్కించడం వాళ్ళ పద్ధతట. నేనే సరేనన్నాను. నా ప్రింటు నా దగ్గరుంది."

"ఎప్పుడు మొదలుపెడతాడు?"

"నాలుగున్నరకి."

పొద్దున జరిగిందంతా ఆ దెబ్బతో ఊడ్చుకుపోతుంది. డిటెక్టివ్ ప్రోగ్రామర్ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు పది నిమిషాలు ఇవ్వమ్మా. నాకు కంప్యూటర్ అంటే టైపు మిషను. అలాగే చెప్పు. లిఫ్టు వివరాలు లోపలికి ఎలా వెళ్తాయి?"

అమ్మాయి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఒక్కో లిఫ్టు వివరాలన్నీ ప్రోగ్రామ్‌లో ఒక కట్టగా ఉంటాయి మేడమ్. బాగుందా లేదా, తాడు మందం, ఫోన్ నంబరు, అన్నీ. ఆబ్జెక్ట్ అంటాం. ప్రోగ్రామ్ ఆపితే అది మాయం. నిలవాలంటే డేటాబేస్‌లో దాచాలి. మధ్యలో దాచిపెట్టేవాడు ఒకడుంటాడు. పుస్తకాల్లో పర్సిస్టెన్స్ ఇంటర్‌ఫేస్ అని రాస్తారు, మేం గుమాస్తా అంటాం."

"గుమాస్తా అయితే నాకు అర్థమవుతాడు. ఏం చేస్తాడు?"

"అడిగితే కట్టకి ఒక కాపీ తీసిస్తాడు. మనం మార్చి తిరిగిస్తే మొత్తం కట్టని లోపల రాస్తాడు. రాసిన ప్రతిసారీ దాని వెర్షన్ నంబరు ఒకటి పెంచుతాడు."

"ఈ లిఫ్టుకి ఇప్పుడు ఎంతుంది?"

"నలభై నాలుగు."

"నిన్న రాత్రి కాపీలో?"

అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. "నలభై ఒకటి." చెప్పి తనే ఆగిపోయింది. పెదవులు కదిలాయి. "రిసెప్షనిస్టు అక్కది నలభై రెండు. సుద్దముక్క మామయ్యది నలభై మూడు..."

"మరి నలభై నాలుగు ఎవరిదమ్మా?"

ఆఫీసరు కుర్చీ ముందుకి వంగింది. "ఎవడో బయటివాడు దొడ్డిదారిన డేటాబేస్‌లోకి దూరి ఉంటాడు!"

"దొడ్డిదారిన మారిస్తే గుమాస్తాకి తెలియదు సార్," అంది అమ్మాయి. "నంబరు నలభై మూడు దగ్గరే ఉండిపోతుంది. నలభై నాలుగు అయిందంటే గుమాస్తా చేతే రాయించారు."

"మరి చిట్టాలో లేదే?"

"చిట్టా రాయమని గుమాస్తాకి మేమే విడిగా చెప్పి ఉంచాం. ఆ మాట కాసేపు తీసేస్తే చిట్టా రాయడు. నంబరు పెంచడం మాత్రం వాడి పుట్టుబుద్ధి, మానడు." ఆమె వేళ్ళు కీబోర్డు మీంచి తీసేసింది. "అలా తీసేయగలిగేది ఇద్దరమే. చీఫ్ సార్... నేను."

డిటెక్టివ్ కాగితం ముక్క బల్ల మీద పరిచింది. "పదీ నలభై ఒకటికి తాళం పడింది. మా బావ 'ఆపాలి' అనే నొక్కాడు. పదకొండూ యాభై రెండుకి తాళం తీసింది. హోటల్ మేనేజరు సంతకం వెనకుంది. ఆఫీసరు గారూ, మీ కేసు భోజనం ముందు మూసుకుంది, నాది ఇప్పుడే తెరుచుకుంది."

ఆఫీసరు ఆ కాగితం వైపు చూశాడు, చెయ్యి మాత్రం చాపలేదు. "అయితే ఈ అమ్మాయిని తీసుకెళ్తాను. ఇద్దరిలో ఒకరు."

అమ్మాయి కుర్చీ వెనక్కి లాక్కుంది.

"ఎవరినో ఒకరిని తీసుకెళ్ళకపోతే మీకు జీపు స్టార్ట్ కాదా?" డిటెక్టివ్ లేచింది. "పాత ఫోన్ నంబరు ఎందుకు తిరిగొచ్చిందో చెప్పి తీసుకెళ్ళండి."

ఆఫీసరు తన ప్రింటు తిరగేస్తుంటే ఆమే అందుకుంది.

"నేను చెప్తాను. లోపల రాసినవాడు కొత్తగా ఏమీ రాయలేదు. తొమ్మిదింబావుకి ముందు తీసిన పాత కాపీ ఒకటి వాడి తెర మీద తెరిచి ఉంది. అందులో పాత నంబరుంది. అందులో 'బాగుంది' అని కూడా ఉంది. ఆ కట్టని ఉన్నదున్నట్టు తిరిగిచ్చాడు. బావ రాసింది పోయింది. దాంతోపాటు రిసెప్షనిస్టు రాసిందీ పోయింది."

"కానీ మేడమ్, పాత కాపీని గుమాస్తా తీసుకోడు," అంది అమ్మాయి. "మీది నలభై ఒకటి, లోపల నలభై మూడు ఉంది, కొత్తది తెచ్చుకోండి అని మొహం మీదే..." ఉన్నట్టుండి అరచేత్తో నుదురు కొట్టుకుంది. "నంబరు చేత్తో దిద్దాడు! నలభై ఒకటి కొట్టేసి నలభై మూడు పెట్టాడు. పాత ఫోటో మీద ఇవాళ్టి తేదీ వేసినట్టు. ఫోన్ నంబరు కూడా మారిందని చూసుకోలేదు."

"నువ్వు పొద్దున ఎన్నింటికొచ్చావు?"

"తొమ్మిదిన్నరకి. గేటు పుస్తకంలో ఉంటుంది. ఇంటి నుంచి ప్రోగ్రామ్ తెరుచుకోదు, చీఫ్ సారే కట్టడి చేశారు."

"తొమ్మిదింబావుకి ముందు ఈ లిఫ్టు తెర మీద ఎవరు తెరిచారు?"

అమ్మాయి తన ఫోన్ తీసి, ఉద్యోగుల గుంపులో పొద్దున వచ్చిన ఫోటో చూపించింది. సమావేశం గదిలో పెద్ద తెర, ముందు వందో రోజు వేడుకకి వచ్చిన అతిథులు, పక్కన చీఫ్ నవ్వుతూ. తెర మీద ఇదే లిఫ్టు వివరాలు, పాత మేనేజరు నంబరుతో సహా. ఫోటో కింద టైము: 8:50.

గోడ గడియారం నాలుగూ ఇరవై ఆరు చూపిస్తోంది. డిటెక్టివ్ పరుగు తీసింది.

*

సర్వర్ గదిలో చీఫ్ కీబోర్డు మీద చేతులు పెట్టి ఉన్నాడు. ఆమె వచ్చి తెరకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"జరగండి. ఇది కంపెనీ పని."

"జరగను."

"ఆఫీసర్!"

ఆఫీసరు గుమ్మంలోకి వచ్చాడు. రొప్పుతున్నాడు. "మేడమ్, నేను అనుమతి ఇచ్చిన పనికి అడ్డం పడుతున్నారు. లోపలేయించగలను."

"వేయించండి. కారణం మాత్రం కాగితం మీద రాయండి. సాక్ష్యం చెరిపేస్తుంటే అడ్డుపడినందుకు అరెస్టు చేశాను అని. కింద మీ సంతకం. మా బావ పెట్టకపోయినా మీరైనా పెట్టండి, ఇవాళ ఎవరో ఒకరి సంతకం కావాలి కదా మీకు."

ఆఫీసరు ఆమెని చూశాడు, చీఫ్ వేళ్ళని చూశాడు. తర్వాత, తనకే మింగుడు పడని మాటలా, "చీఫ్ గారూ, చేతులు తియ్యండి," అన్నాడు.

అప్పటికి సుద్దముక్క కూడా గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో సంతకం లేని కాగితం.

"ఒక్క ప్రశ్న చీఫ్ గారూ," అంది డిటెక్టివ్. "ఆ బోర్డు మీద రోజులు ఎన్నింటికి లెక్కేస్తారు?"

వెనక నుంచి ప్రోగ్రామర్ అమ్మాయి చెప్పింది. "మధ్యాహ్నం పన్నెండింటికి మేడమ్. ఆ నిమిషానికి 'ఆపాలి' అని ఒక్క లిఫ్టు ఉన్నా మళ్ళీ ఒకటి నుంచి మొదలు."

"పదకొండూ యాభై రెండు," అంది డిటెక్టివ్. "ఎనిమిది నిమిషాల ముందు. పొద్దున ఎనిమిదీ యాభైకి అతిథులకి చూపించిన తెర, మీరు అప్పటికి ఇంకా మూయలేదు."

చీఫ్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. తల దించుతాడనుకున్నారు. దించలేదు.

"అవును, నేనే రాశాను. కానీ నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు, గుర్తుపెట్టుకోండి! పొద్దున ఎనిమిదీ యాభైకి ఆ లిఫ్టు 'బాగుంది' అనే ఉంది. ఉన్నదాన్నే మళ్ళీ పెట్టాను. తొంభై తొమ్మిది రోజులు, ఒక్కో రోజూ నేను నిద్ర లేకుండా కాపాడుకున్నవి. వందో రోజు, అంతమంది ముందు, ఈ ముసలాయన సుద్దముక్క పట్టుకొచ్చి రెండు పోగులు చూసి ఆపేస్తే? ఎప్పుడూ ఇంతే ఆయన, గోరంత కనిపిస్తే చాలు ఆపడమే! పన్నెండు దాటగానే ఆయన రాసింది ఆయనకి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఎనిమిది నిమిషాలు. అంతే అడిగాను ఆ తాడుని." ఆయన చూపు మొదటిసారి సుద్దముక్క మీద పడింది, అక్కడ నిలవలేక గోడ మీదకి జారింది. "పన్నెండు కొట్టింది. బోర్డు మీద వంద పడింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి కలుపుతున్నారు. తెర దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే ఉన్నాను... పన్నెండూ ఇరవైకి లిఫ్టు పడినప్పుడు కూడా, నా చెయ్యి ఇంకా ఎవరి చేతిలోనో ఉంది."